తూర్పు వాకిలి పెట్టిన చర్చి

ఐటీ మంచి ఊపు మీదున్న రోజుల్లో, సింగపూర్‌లోని తంజోంగ్ పగార్‌లో ఒక చిన్న ఆఫీసులో కూర్చుని, ఇంగ్లండులోని ఒక పల్లెటూరి చర్చిని కంప్యూటర్‌లో కట్టాను. మధ్యయుగం నాటి చర్చి అది. మౌస్ కదిపితే లోపల తిరుగుతున్నట్టుండేలా దాన్ని సీడీలో పెట్టాలి. ఇంగ్లండు మొహం నేను చూడలేదు. చర్చిలో అడుగుపెట్టింది కూడా గుంటూరులో స్నేహితురాలి పెళ్లికి, అదీ ప్రార్థనంతా అయిపోయి భోజనాలకు లేచే వేళకి.

నాతో పనిచేసే ఆయన మలేషియాలో పుట్టిన తెలుగువాడు. అన్నయ్యా అని పిలిచేదాన్ని. బొమ్మలు ఆయనవి, ప్రోగ్రాం నాది. ఈ సీడీ ఆ ఊరివాళ్లకి నచ్చకపోతే మా ఇద్దరికీ ఇక్కడ పని ఉండదని బాస్ ముందే చెప్పేశాడు. పని పోతే ఇక్కడ ఉండనిచ్చే నా వర్క్ పాసూ పోతుంది, పెట్టె సర్దుకోవడమే. నాకు సింగపూర్ వదలడం సుతరామూ ఇష్టం లేదు. ఎవరినీ అడక్కుండా ట్రైనెక్కి నా ఇష్టమొచ్చిన చోట దిగడంలో రుచి అప్పుడప్పుడే తెలుస్తోంది.

ఊరివాళ్లు ఫొటోలూ, చేత్తో గీసిన నక్షా పంపారు. చూస్తున్నకొద్దీ ఆ చర్చి మీద నాకు ప్రేమ పుట్టింది. అది ఒక్కసారి కట్టింది కాదు. మొదటివాళ్లు బాగా మందమైన రాతిగోడలు లేపి, గుండ్రటి కమానులతో చిన్న చిన్న కిటికీలు పెట్టారు. తరవాత గొర్రెల ఉన్నితో ఊరు బాగుపడ్డాక కిటికీలు పెద్దవయ్యాయి, కమానులు మొనదేలాయి. గోడమీది బొమ్మలకు ఎవరో సున్నం కొట్టేశారు. ఇంకెవరో ఆ సున్నం గీకి, ఒక దేవదూత రెక్క వరకూ బయటికి తీసి ఊరుకున్నారు. తాత కట్టిన ఇంటికి మనవడు గది కలిపినట్టుంది వ్యవహారం.

"రాళ్లెక్కడికీ పోవులే చెల్లెమ్మా, ముందు మకాన్‌కి రా," అని భోజనానికి లాక్కుపోయేవాడు అన్నయ్య.

నక్షాలో దిక్కుల గుర్తు లేదు. నీడ చూసి పోల్చుకుందామంటే ఫొటోలన్నీ మబ్బు పట్టినవే. అయినా మాకు అనుమానమే రాలేదు. దేవుడి ఇల్లన్నాక వాకిలి తూర్పుకి గాక ఎటుంటుంది? వాకిలి తూర్పుకీ బలిపీఠం పడమటికీ పెట్టేశాం. పొద్దున ఎండ వాకిట్లోంచి సాగి బలిపీఠం మెట్లదాకా వెళ్తుంది. సాయంత్రం బలిపీఠం వెనక రంగుటద్దాల కిటికీలో సూర్యుడు దిగిపోతాడు. చూసుకుని మాకు మేమే మురిసిపోయాం.

చర్చి బాగోగులు చూసే పెద్దావిడ సీడీ చూడ్డానికి ఇంగ్లండు నుంచి స్వయంగా వచ్చింది. బాస్ సాయంత్రం దృశ్యం పెట్టమన్నాడు. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని తెరమీదికి వంగింది.

"మా చర్చిలో సూర్యుడు అక్కడ దిగడు. అక్కణ్ణించే వస్తాడు," అంది నెమ్మదిగా.

నా పైప్రాణాలు పైనే పోయాయి. తాతకు దగ్గులు నేర్పబోయాం. బాస్ మా వైపు తిరిగి, "హౌ కెన్ లైక్ దట్?" అని సింగపూర్ ఇంగ్లీషులో నిలదీశాడు.

అన్నయ్యే ధైర్యం చేసి ఆవిడకి చెప్పాడు. "మా గుళ్లలో దేవుడు తూర్పుకి చూస్తాడు మేడమ్. తలుపు తీయగానే తొలి ఎండ ఆయన మీద పడాల. మీ దేవుణ్ణి చీకట్లో కూచోబెట్టడానికి మాకు చేతులు రాలేదు."

ఆవిడ పకపకా నవ్వింది. "మా దగ్గర తొలి ఎండ మనుషుల మీద పడుతుంది. మేం తూర్పుకి తిరిగి మొక్కుతాం."

ఆవిడ చూస్తుండగానే ఒక్క అంకె మార్చాను. వందల ఏళ్లు కదలని గోడలు గిర్రున వెనక్కి తిరిగాయి. పొద్దు పొడిచే వేళ పెట్టాను. బలిపీఠం వెనక కిటికీ వెలిగి, ఎరుపూ నీలమూ బల్లల మీద పరుచుకున్నాయి. ఏ రంగు ఎక్కడ పడాలో మేం పెట్టలేదు. అద్దాలూ ఎండా వాటంతటవే తేల్చుకున్నాయి.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. నీలం పడ్డ బల్ల మీద వేలు పెట్టింది.

"ఇక్కడ మా అమ్మ కూర్చునేది. ఆదివారం పొద్దున ఆవిడ ఒళ్లో ఈ నీలం పడితే నేను చేత్తో మూసేదాన్ని."

తెరమీది వేలు చాలాసేపు తీయలేదు. తీశాక బాస్‌తో, "పక్క ఊళ్లోనూ ఒక చర్చి ఉంది. అది కూడా వీళ్లిద్దరే కట్టాలి," అంది.

నేను సంతోషం పట్టలేక ఆవిడ రెండు చేతులూ పట్టేసుకున్నాను.