మా అక్క చేసిన ఇక్తియోసారస్

మా చిన్నప్పుడు... జగ్గయ్యపేటలో మా పెరట్లో రోలు ముందు కూర్చుని అక్క పాత పేపర్లు రుబ్బుతోంది. నానబెట్టిన కాగితంలో మెంతులు వేసి రుబ్బితే గుజ్జు గట్టిగా పట్టుకుంటుందని అమ్మ చెప్పింది. అమ్మ ఆ గుజ్జు చేటలకు పూసేది. అక్క మాత్రం దాంతో ఇక్తియోసారస్ చేస్తోంది...

అక్కది అప్పుడు తొమ్మిదో తరగతి, నాది ఆరు. నందిగామలో సైన్స్ ఎగ్జిబిషన్ ఉందని స్కూల్లో చెప్పారు. లైబ్రరీలో ఏదో పాత పుస్తకంలో ఈ జంతువు బొమ్మ చూసింది అక్క. డైనోసార్ల తొలి రోజుల్లో, ట్రయాసిక్ సముద్రాల్లో తిరిగేవట ఈ జాతివి. చూడ్డానికి అచ్చం చేపే... కానీ చేప కాదు, బల్లులు, మొసళ్ళలాంటి సరీసృపం. బతుకంతా నీళ్ళలోనే అయినా ఊపిరి కోసం పైకి రావాల్సిందే. ఇప్పుడు ఒక్కటీ మిగల్లేదు.

నాన్న సున్నపురాయి క్వారీలో పనిచేసేవాడు. అక్కడ అడిగి ఇనప తీగ తెచ్చి ఎముకల గూడు కట్టిచ్చాడు. కళ్ళకి నా గోలీలు ఇచ్చాను. రంగు ఆరాక ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని చూశాం...

నందిగామ బస్సులో అక్క దాన్ని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. పక్కన నేను.

తీరా వెళ్ళాక మా సైన్స్ మేడమ్ ఆ బొమ్మ పక్కన స్కూలు కరస్పాండెంట్ గారి మేనల్లుణ్ణి నిలబెట్టింది.

"నువ్వు వెనక్కి నుంచోమ్మా. జడ్జిగారికి ఇంగ్లీషులో చెప్పాలి. వాడైతే గడగడా చెప్పేస్తాడు," అంది అక్కతో.

బొమ్మ ముందు పెట్టిన అట్టమీద పేరు కూడా వాడిదే.

జడ్జిగారు వచ్చి, ఇది ఊపిరి ఎలా పీలుస్తుందని అడిగారు. మొప్పలతో అని ఇంగ్లీషులో చెప్పాడు వాడు.

అక్క ఆగలేకపోయింది. "కాదండీ... దీనికి మొప్పలుండవండి. ఊపిరితిత్తులేనండి. గాలి కోసం పైకొస్తదండి."

ఆయన తల తిప్పి, "ఎవరీ అమ్మాయి?" అన్నారు.

"బొమ్మ మోసుకొచ్చిన పిల్లండి," అంది మేడమ్... నవ్వుతూనే.

ఫస్ట్ ప్రైజ్ ఆ బొమ్మకే వచ్చింది. వాడి చేతికి కప్పు ఇచ్చి, బొమ్మ పక్కన నిలబెట్టి ఫొటో తీశారు. అందరితోపాటు అక్క కూడా చప్పట్లు కొట్టింది.

ఇంటికొచ్చేసరికి నాన్న వాకిట్లోనే ఉన్నాడు.

"ఏమ్మా, ప్రైజొచ్చిందా?"

"ఫస్టొచ్చింది నాన్నా," అంది అక్క. నేనేదో అనబోతే నా చెయ్యి గట్టిగా నొక్కింది.

నాన్న పక్కింటివాళ్ళను పిలిచి మరీ చెప్పాడు, "మా పెద్దమ్మాయి బొమ్మకి నందిగామలో ఫస్టొచ్చిందండీ!" అక్క లోపలికెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది...

సర్టిఫికెట్ ఏదమ్మా అని కొన్నాళ్ళు అడిగాడు నాన్న. స్కూల్లో ఉంది నాన్నా అనేది. తర్వాత అడగడం మానేశాడు. ఎవరైనా చెప్పారో, తనకే అర్థమైందో... మాకు ఇప్పటికీ తెలీదు.

అక్క మళ్ళీ ఏ బొమ్మా చెయ్యలేదు. ఇంటర్లో సైన్స్ గ్రూపూ తీసుకోలేదు.

ఇప్పుడు మా పిల్లలు కాగితప్పడవ చేసినా ఫోన్లో ఫొటో తీసి, పేరు రాసి, పదిమందికీ చూపిస్తున్నాం. అక్క బొమ్మకి ఉన్నది ఒక్కటే ఫొటో... అందులో పక్కన నిలబడింది వేరేవాడు.

మీ చేతిపని పక్కన ఇంకెవరో నిలబడిన రోజు మీకూ ఉంటే రాయండి... అక్క ఇక్కడే ఉంది, చదువుతుంది.