అణుశెట్టి మూడో మెట్టు

కరెంటు పోతే ఆళ్లగడ్డలో అందరూ విసనకర్ర వెతుక్కునేవారు, ఉమామహేశ్వరరావు శెట్టి మాత్రం మనిషిని వెతుక్కునేవాడు. దొరికినవాణ్ణి కూర్చోబెట్టి దేశంలో అణువిద్యుత్తు చరిత్రంతా చెప్పేవాడు. తొంభైల్లో మన కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి ఆయనకు తీరిక ఉండేది కాదు. ఊరు ఆయనకు అణుశెట్టి అని పేరు పెట్టేసింది.

ఆయన ఇనుప సామాన్ల కొట్టు సబ్‌స్టేషన్‌కు సరిగ్గా ఎదురుగా ఉండేది. ఆ సబ్‌స్టేషన్ ఆపరేటరు మురళీధర్. పైనుంచి ఫోనొస్తే స్విచ్చి వేయడం, మళ్లీ ఫోనొస్తే తీయడం అతని ఉద్యోగం. అయినా చుట్టుపక్కల మండలాలన్నీ తన చేతి మీదే బతుకుతున్నాయనుకునేవాడు. అంతకన్నా నమ్మకం అతనికి తన మీసం మీద.

"పైరు ఎండిపోతాంటే రైతులు ఊరుకుంటారా? పక్కూర్లల్లో ఆపరేటర్లను రూములో ఏసి తాళం పెడ్తాండారు. నా మీద ఎవుడన్నా చెయ్యేసినాడా? ఈ మీసం జూసి జంకుతారు," అని భార్య ఉషశ్రీతో అనేవాడు.

ఉషశ్రీ మీసాన్ని ఒకసారి చూసి, కూరలో ఉప్పు చూసుకునేది.

శెట్టి కంటపడకుండా అతను వెనక సందులోంచి డ్యూటీకి వెళ్లేవాడు. ఒకసారి దొరికిపోయి అణు రియాక్టర్లలో పోసే భారజలం గురించి గంటసేపు విన్నాడు. ఆ తర్వాత వారం రోజులు మంచినీళ్లు తాగాలన్నా భయపడ్డాడు.

రైతులు కర్రలతో ట్రాక్టరు దిగగానే శెట్టి కొట్టు వదిలి ఎదురెళ్లేవాడు. వాళ్లతో ఏదో రెండు మాటలు చెప్పి, బెంచీల మీద కూర్చోబెట్టి, కుండలో నీళ్లు ఇచ్చి మొదలుపెట్టేవాడు. యాభై ఆరులో ట్రాంబేలో అప్సర రియాక్టరు, అరవై తొమ్మిదిలో తారాపూర్ కరెంటు కేంద్రం, ఆ తర్వాత రాజస్థాన్‌ది.

"మనం బాంబు పరీక్ష చేస్తిమని కెనడా వాళ్లు పని మధ్యలోనే ఇడ్సిపెట్టి పోయిరి."

"మాటిచ్చి అట్లెట్ల పోతారు?" అనేది దేవమ్మ. ఆమె శిరివెళ్ల నుంచి వచ్చే మిరప రైతు, గుంపులో మొదటి కర్ర ఆమెదే.

"పోయిరి గదమ్మా. మనోళ్లే కిందామీదా పడి కట్టుకున్నారు. ఈ అణుశక్తికి మూడు మెట్లుండాయి. మొదటిది యురేనియం. రెండోది..."

అంతలో మురళీధర్‌కు ఫోనొచ్చేది, కరెంటొచ్చేది, జనం మోటార్ల దగ్గరికి పరుగెత్తేవారు. పదేళ్లలో మూడో మెట్టు విన్నవాడు ఊళ్లో లేడు.

రెండువేల రెండు కరువులో శెట్టి కంటి ఆపరేషనుకు నంద్యాల వెళ్లాడు. ఆ రోజే పొద్దున్నుంచి కరెంటు లేదు. ట్రాక్టరొచ్చింది. మురళీధర్ బయటికొచ్చి మీసం మెలేశాడు. రెండు నిమిషాల్లో అతను లోపల, తాళం బయట, తాళంచెవి దేవమ్మ చేతిలో.

"నేనెవరనుకుంటాండారు?" అన్నాడు కిటికీలోంచి.

"నువ్వెవురో మాకు తెల్సప్పా," అంది దేవమ్మ. "ఇన్నేండ్లు ఆ శెట్టి అడ్డం పడి నిన్ను కాపాడినాడు. 'వాడు పైనోళ్లు చెప్పినట్ల జేసేటోడు, కొట్టాకండి, కోపం తగ్గేదాకా నా కత ఇనండి' అని బతిమాలుతాండె. ఆ కత మాకు ఎప్పుడో నోటికొచ్చింది. ఇనకుంటే ఆయప్ప నొచ్చుకుంటాడని కూచుంటాంటిమి."

మురళీధర్‌కు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. పదేళ్లుగా మీసానికి రాసిన నూనె వృథా అయిందని కూడా అనిపించింది. అంతలో ఫోను మోగింది. ఉద్యోగంలో అంత బిరబిరా ఫోనెత్తడం అదే మొదలు. మోటార్లు తిరిగాయి, తాళం తెరుచుకుంది.

శెట్టి నల్లద్దాలతో తిరిగొచ్చిన రోజు మురళీధర్ నేరుగా కొట్టుకెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు.

"అన్నా, యాభై ఆరు నుంచి చెప్పు. కరెంటుంది, ఎవురికీ తొందర్లేదు."

శెట్టి మురిసిపోయాడు. అప్సర అయింది, తారాపూర్ అయింది, కెనడా వాళ్లను ఇద్దరూ కలిసి తిట్టారు. రెండో మెట్టు కూడా పూర్తయింది. నెత్తిన ఫ్యాను తిరుగుతూనే ఉంది. శెట్టి ఆగిపోయాడు.

"మూడో మెట్టు?" అన్నాడు మురళీధర్.

శెట్టి అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అది నాకు రాదు మురళీ. నువ్వు ఎప్పుడూ రెండో మెట్టుకే స్విచ్చి ఏస్తాంటివి, నేర్చుకునే పని పడలేదు."

మురళీధర్ కడుపుబ్బ నవ్వి, లేచి, ఖాళీ అయిన నీళ్లకుండ నింపి పెట్టాడు. ఆ తర్వాత వెనక సందు వైపు వెళ్లకుండా, రోడ్డు దాటి ముందు గేటులోంచి డ్యూటీకి పోయాడు.