బాలస్వామి చెవులతో చదివిన చదువు

నిన్న పొద్దున గద్వాల బస్టాండులో ఉండగా చెన్నమ్మ ఫోన్ చేసింది. నా ఫ్రెండ్ బాలస్వామి భార్య.

"పోయిండన్నా" అంది. అంతే.

శనివారమే దవాఖానలో వాడితో మాట్లాడి వచ్చాను. రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తామన్నారు. ఏం విన్నానో అర్థం కాక మళ్లీ చెప్పమన్నాను. తను ఫోన్ పెట్టేసింది.

కిడ్నీలు పాడయ్యాక ఏడాదికి పైగా డయాలసిస్. బస్సు, క్యూ, బెడ్డు, మళ్లీ బస్సు.
వాడు అలిసిపోయాడు. చెన్నమ్మ అలిసిపోయింది. నేనూ అలిసిపోయాను.

రాయడానికి ఓపిక లేదు. అయినా వాడి గురించి ఇది ఒక్కటి చెప్పాలి.

మాది గోపాల్‌పేట. కలిసి చదువుకున్నాం. ఇంటర్‌లో వాడికి చూపు తగ్గడం మొదలైంది. డిగ్రీ అయ్యేసరికి పూర్తిగా పోయింది.

అయినా టీచర్ పరీక్ష రాస్తానన్నాడు. కంప్యూటర్ కొన్నాడు. తెర మీది అక్షరాలను ఇంగ్లిష్‌లో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి వేసుకున్నాడు. తెలుగు పుస్తకాలు మాత్రం నేను మైక్ ముందు కూర్చుని చదివి రికార్డ్ చేసేవాణ్ని.

వినడానికి మంచి ప్లేయర్ కావాలి కదా. పాటకు తగ్గట్టు రంగులు ఎగిరే ప్లేయర్ ఒకటి గొప్పగా వేసిచ్చాను.

"ఆ లైట్లు నాకెందుకురా? ఒకటి నొక్కితే ఆగాలె, ఇంకోటి నొక్కితే ఎన్కకు పోవాలె. గంతే" అన్నాడు.

నిజమే. తర్వాత వేసినవీ పనికిరాలేదు. ఒకటి మౌస్ లేకుండా కదలదు. ఇంకోటి సగం ఫైళ్లు తెరవదు. చివరికి నారింజ రంగు కోన్ బొమ్మ ఉండే ప్లేయర్ నచ్చింది. అన్నీ కీబోర్డుతోనే. నా గొంతు సన్నగా వచ్చిన చోట సౌండ్ మామూలు కన్నా ఎక్కువ పెంచుకోవచ్చు.

నా ఆవులింతలు కూడా కంఠతా వచ్చాయని ఏడిపించేవాడు.

పరీక్ష దగ్గరపడ్డాక సిస్టమ్‌కు వైరస్ వచ్చింది. షాపులో ఫార్మాట్ చేసి, వాడి సాఫ్ట్‌వేర్లు మళ్లీ వేసి పంపారు. పాఠాలు వేరే డ్రైవ్‌లో భద్రంగానే ఉన్నాయి. కానీ సౌండ్ లేదు.

మనకైతే సౌండ్ లేకపోతే పాట రాదు, అంతే. వాడికి కంప్యూటరే లేనట్టు.

పీర్ల పండుగకు షాపు మూసేశారు. నాకు గద్వాలలో డ్యూటీ, సెలవు దొరకలేదు. సౌండ్ డ్రైవర్ సీడీ కంప్యూటర్ డబ్బాలో ఉంటుందని, అది ఎట్లా వేయాలో ఫోన్‌లో చెప్పాను. అంతకు మించి నా చేతిలో ఏం లేదు.

అప్పటికే పెళ్లై వచ్చిన చెన్నమ్మ ఏడో తరగతి వరకే చదివింది. ఇంగ్లిష్ అక్షరాలు తెలుసు, కూడబలుక్కుని చదవడం రాదు. తెర మీద కనిపించినవి ఒక్కో అక్షరమే ఆమె చదివింది. వాడు వాటిని కలిపి మాట చేసుకుని, ఏ కీ నొక్కాలో చెప్పాడు. ఒకచోట తప్పు నొక్కింది. మళ్లీ మొదలు. పొయ్యి మీద అన్నం మాడింది.

డ్రైవర్ పడింది. పాఠం ఒకటి పెట్టి చూసినా సౌండ్ రాలేదు.

అప్పుడు స్పీకర్ వైరు ఏ రంగు బొక్కలో ఉందో చూడమన్నాడట. గులాబీ రంగు దాంట్లో, అంటే మైక్ పెట్టాల్సిన దాంట్లో ఉంది. తీసి పక్కనున్న ఆకుపచ్చ దాంట్లో పెట్టింది.

నా గొంతు మోగింది. దగ్గుతో సహా.

వాడు టేబుల్ మీద తల పెట్టుకుని ఒకటే మాట అన్నాడట.

"రెండోసారి కండ్లు పోయినయనుకున్న చెన్నా."

ఆ పరీక్ష పాసయ్యాడు. లింగాలలో పోస్టింగ్. సోషల్ సార్.

నిన్న అక్కడి పిల్లలు చివరిచూపుకు జీపు మాట్లాడుకుని వచ్చారు. ఒక అమ్మాయి చెప్పింది.

"సారు మాతోనే సదివిచ్చేటోడు. తప్పు సదివినా మొత్తం ఇనేటోడు, నడుమ ఆపకపోతుండె."

క్లాసులో ఎప్పుడూ నోరు తెరవని తను, సార్ దగ్గరే మొదటిసారి పైకి చదివిందట.

మట్టి చేసి ఇంటికొచ్చాక చెన్నమ్మ గోడకు ఒరిగి కూర్చున్నట్టే నిద్రపోయింది. ఎన్ని నెలల నిద్రో. ఎవరం లేపలేదు.

పోయిరా బాలస్వామీ. ఇక సూదులు లేవు, బస్సులు లేవు.
ఏ నొప్పీ లేకుండా చల్లగా పడుకోరా.