బతికున్న అవ్వ మీద నాలుగు మంచి మాటలు

ఆ రోజుల్లో శామీర్‌పేట చెరువుకు అవతలి ఒడ్డున ఉండేవాళ్లం మేము. బస్సు దిగి కట్ట మీద ముప్పావు గంట నడిస్తే గానీ మా ఆరిళ్లు కనిపించేవి కావు. వానలు బాగా పడిన ఏడాది బండ్ల బాట మునిగిపోయి, ఉప్పు ప్యాకెట్ కోసం కూడా చెరువంతా చుట్టి రావాల్సి వచ్చేది. సముద్రం నేను అప్పటికి చూడలేదు కాబట్టి నా మటుకు అదే సముద్రం, మాది సముద్రపు ఒడ్డు. అలాంటి చోట ఉండేవాళ్లు కొంచెం తిక్కగా తయారవుతారేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. చూసి నవ్వేవాళ్లు దగ్గర్లో లేకపోతే ఎవరి తిక్క వాళ్లకు న్యాయంగానే కనబడుతుంది. (నా తిక్క కూడా నాకు న్యాయంగానే కనబడింది. అది రాయడం.)

అప్పుడు నా వయసు ముప్పై ఎనిమిది. అక్షరాలు నేర్చి మాత్రం రెండేళ్లే, కాబట్టి దీన్ని నా చిన్ననాటి ముచ్చట అని చెప్పుకోవడంలో తప్పులేదు. మా ఆయనది ద్రాక్షతోటలో కాపలా పని. తోట పక్కనున్న బడి వసారాలో మధ్యాహ్నాలు పెద్దవాళ్లకు చదువు చెప్తున్నారంటే, కాసేపు నీడకు కూర్చోవచ్చు గదా అని వెళ్లాను. ఇక లేవలేకపోయాను. అక్షరాలు వచ్చాక దేన్నీ చదవకుండా వదలడం నా వల్ల కాలేదు. సబ్బు మీది కాగితం, ఎరువుల బస్తా, పప్పు కట్టిచ్చిన పేపరు ముక్క. ఒకసారి ఆ ముక్కలో సగం వార్తే ఉంటే, మిగతా సగం కోసం మళ్లీ దుకాణానికి వెళ్లాను. “మిగిలిన సగంల సింతపండు గట్టి వేరేటోళ్లకిచ్చిన, పోయి వాళ్లనడుగు” అన్నాడు దుకాణపాయన ఎగతాళిగా. వెళ్లి అడిగాను కూడా. అప్పటి నుంచి నా పేరు ‘రైటరమ్మ’ అయింది. (మా ఒడ్డున అంతకుముందు రైటర్ అంటే పోలీసు ఠాణాలో ఉండేవాడే. అందుకే ఆ పిలుపులో గౌరవం కంటే జాగ్రత్త ఎక్కువగా వినబడేది.)

మా పక్కింట్లో రేడియో మామ ఉండేవాడు. గాజులరామారం దిక్కు ఏదో ఫ్యాక్టరీలో పనిచేసి, రిటైరై వచ్చాడు. ఆయన దగ్గర రేడియో లేదు, ఆయనే రేడియో. చెరువులో ఒక కట్టె పాతి, దానికి సున్నంతో గీతలు పెట్టి, రోజూ పొద్దున్నే చెరువు కట్ట మీదికెక్కి అందరికీ వినబడేలా చెప్పేవాడు. “నీళ్లు రెండు వేళ్లు దిగినయ్! మూడో ఇంట్ల బర్రె ఈనింది! నాలుగో ఇంటికి అల్లుడొచ్చిండు, ఎప్పుడు పోతడో ఎరుకలేదు!” వార్త ఆయన చెవిన పడిందంటే ఇక కాలు నిలిచేది కాదు. నిజమో కాదో కనుక్కునే ఓపిక మొదటి నుంచీ లేదు.

మాకు ఇల్లు కిరాయికిచ్చింది బాతుల అవ్వ. ఆమె ఆస్తి తొమ్మిది బాతులు, ఒక నులక మంచం, చెరువు కింద మూడెకరాల పట్టా. చెరువు కింద అంటే కట్ట దిగువన కాదు, నిజంగా నీళ్ల కిందనే. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోతే ఆ భూమి తేలేది, అవ్వ అందులో దోసకాయలు పెట్టేది. చెరువు నిండితే భూమి మునిగిపోయేది. భూమి మునిగితే హక్కు కూడా మునుగుతుందా అనేది ఆమె వాదన. “నీళ్లు పోతే నా భూమి, నీళ్లొస్తే నా నీళ్లు” అని, ఆ మూడెకరాల మీద వల వేసినవాళ్ల దగ్గర దబాయించి ఒక చేప తీసుకునేది. నీళ్ల మీద ఆ హద్దులు ఎక్కడున్నాయో అవ్వకూ బాతులకూ తప్ప ఎవరికీ తెలియదు. “ఏయ్, గీడికెల్లి నాది! గా తామరాకుల అవుతలికి జరుగు!” అని ఒడ్డు నుంచి కేకవేస్తే చేపలవాళ్లు నవ్వుకుంటూనే జరిగేవాళ్లు.

ఒకరోజు మా పంతులమ్మ, కొత్తగా చదువు నేర్చినవాళ్ల రాతలన్నీ కలిపి పుస్తకం వేస్తున్నారని చెప్పింది. “మీ ఇరుగుపొరుగు మీద తలా ఒక పేజీ రాయుండ్రి. శనివారం సాయంత్రం లోపల మేడ్చల్ ఆఫీసుల ఇయ్యాలె. ఒక్కటే షరతు. ఎవల మీద రాస్తరో వాళ్లకు సదివి వినిపించి, కింద వేలిముద్ర తేవాలె. పోయినసారి అడుగకుండ రాస్తె కొట్లాటలైనయ్.” నా పేరు అచ్చులో పడుతుందన్న మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. రేషన్ కార్డులో నా పేరు మా ఆయన పేరు కింద, తడికి సగం చెదిరిపోయి ఉండేది. దాన్ని మించిన పేరు ఎక్కడా లేదు నాకు.

అవ్వ మీద రాశాను. నీళ్ల హద్దులు రాశాను, చేపలు రాశాను, ఆమె తిట్లకు బాతులు కూడా వరుస తప్పకుండా నడుస్తాయని రాశాను. మూడు రోజులు పట్టింది. నా దృష్టిలో అదంతా మెచ్చుకోలే. గురువారం నాడు ధైర్యంగా వెళ్లి చదివి వినిపించాను. చేపల దగ్గరికి రాగానే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆగు. సాపలు దీస్కుంటనని రాసినవా?”

“అవునవ్వా.”

“గది సర్కారోళ్లు సదువుతరా?”

“సదువుతరేమో.”

“సదివి, ముసల్ది సెర్వు మీద కిరాయి వసూలు జేస్తాందని నా పట్టా గుంజుకపోతె? ఉండనీకె ఇల్లిస్తె నా నీళ్లకే ఎసరు వెడ్తవానే? వేలిముద్ర లేదు, గీలిముద్ర లేదు. గా కాగితం మేడ్చల్ పోయిందో, నువ్వు ఇల్లు ఖాళీ జేసి పో!”

మా ఆయన విని, “ఇల్లు గావాల్నా, పుస్తకం గావాల్నా, జల్దీ తేల్చుకో” అన్నాడు. నేను రెండూ కావాలన్నాను. “సదువొచ్చిన కాంచి నీకు ఆశ ఎక్కువైంది” అని తలపట్టుకున్నాడు.

శుక్రవారం కూర్చుని మొత్తం మార్చి రాశాను. చేపలు తీసేశాను, తిట్లు తీసేశాను. బాతులను ఉంచాను గానీ నోరు మూయించాను. ఖాళీ అయిన చోటంతా మంచి మాటలతో నింపాను. అవ్వ ఎవరినీ పల్లెత్తు మాట అనదు. ఆకలన్నవాళ్లకు అన్నం పెడుతుంది. అవ్వ మనసు వెన్న. ఇలాంటి మనిషి మళ్లీ దొరకదు. ఇలా పేజీ నిండింది. దీనికి వేలిముద్ర వేయని మనిషి ఉంటుందా అనుకున్నాను.

అప్పట్లో నా చదువు ఎలా ఉండేదో ఇక్కడ చెప్పక తప్పదు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, తర్వాతి అక్షరం దొరికేదాకా ముందుదాన్ని సాగదీసేదాన్ని. పంక్తి చివరికి వచ్చేసరికి గొంతు పైకి లేచేది. వేలు కింది పంక్తికి దిగేలోపు ఒక నిట్టూర్పు. “అవ్వా ఆ ఆ... ఎవరినీ ఈ ఈ... పల్లెత్తు మాటా ఆ ఆ...” మా వైపు మనిషి పోతే ఆడవాళ్లు కాళ్ల దగ్గర కూర్చుని, అచ్చం ఇదే రాగంలో, పోయినవాళ్ల మంచితనం ఒక్కొక్కటే చెప్పుకుంటూ ఏడుస్తారు. ఆ పోలిక ఆ రోజు నాకు తట్టలేదు.

శనివారం పొద్దున అవ్వ మంచం మీద పడుకుని ఉంటే, కాళ్ల దిక్కు నేల మీద కూర్చుని మొదలుపెట్టాను. రెండో పంక్తికే ఆమెకు నిద్ర ముంచుకొచ్చింది. ఈగలు వాలకుండా కొంగు ముఖం మీదికి లాక్కుని నిద్రపోయింది. నేను చూడలేదు. తల ఎత్తితే పంక్తి తప్పిపోతుందని నా భయం. ఒళ్లో కాగితం, వంచిన తల, మధ్యమధ్యలో కొంగుతో చెమట తుడుచుకోవడం. సరిగ్గా అప్పుడు రేడియో మామ గోడ మీంచి తొంగి చూశాడు.

“నా తప్పేముందమ్మా?” అని తర్వాత ఆయన అందరి ముందు వాదించాడు. “మనిషి కదుల్తలేదు. మొఖం మీద బట్ట. గీమె కాళ్లకాడ కూసోని రాగం దీస్తాంది. అన్నిటికన్న ముఖ్యం, మంచి మాటలు జెప్తాంది. అవ్వ బతికుండంగ ఆమె మీద ఎవలన్న మంచి మాట చెప్పంగ నేనిన్ననా?”

అంతే, సైకిలెక్కి కట్ట మీద ఎదురుపడ్డ ప్రతి మనిషికీ చెప్తూ బస్టాండు దగ్గరి ఎస్టీడీ బూత్‌కు పోయి, కౌకూర్‌లో ఉండే అవ్వ కూతురికి ఫోను చేయించాడు.

ఇక్కడ నేను చదవడం ముగించి తలెత్తితే అవ్వ గురక పెడుతోంది. లేచేదాకా కాచుకుని కూర్చున్నాను. లేచీ లేవగానే, “అయిపోయిందా? మంచిగ నిద్ర వట్టింది” అని, తన నీళ్లలో ఎవరిదో వల కనబడేసరికి చీర ఎగ్గట్టుకుని చెరువులోకి దిగిపోయింది. వేలిముద్ర మాట ఎత్తే సందు కూడా దొరకలేదు. మేడ్చల్ పోవాలంటే రెండు గంటల బస్సు దాటిపోకూడదు. కాగితం పట్టుకుని ఒడ్డు మీద అటూ ఇటూ తిరుగుతున్నాను.

పన్నెండింటికి కట్ట మీద ఏడుపు వినబడింది. ముందు అవ్వ కూతురు, వెనక పూలదండ పట్టుకుని అల్లుడు, వాళ్ల వెనక రేడియో మామ, దారిలో కలిసిన పదిమంది. కూతురు గుండెలు బాదుకుంటూ వస్తోంది.

“ఓ అమ్మా... ఇగ నన్నెవలు తిడ్తరే అమ్మా... బాతుల మీద ఒర్లే నోరు ఎటువాయెనే అమ్మా... సాప తలకాయ నాకు దాసిపెట్టే సెయ్యి ఎటువాయెనే అమ్మా... సెర్వుల హద్దులన్న నాకు సూపియ్యకపోతివే అమ్మా...”

అవ్వ మోకాలి లోతు నీళ్లలో, చేతిలో చేపతో నిలబడి ఉంది. కదలకుండా చివరి దాకా విన్నది. విని, నెమ్మదిగా అడిగింది.

“ఎవలు సచ్చిండ్రే?”

కూతురు చేతిలో సంచి కింద పడింది. దండ ఎక్కడ పెట్టాలో తోచక అల్లుడు తన మెడలోనే వేసుకున్నాడు. అందరూ రేడియో మామను చూశారు. రేడియో మామ నన్ను చూపించాడు. “గీ రైటరమ్మనే ఏడ్చింది!”

“ఏడ్వలే మామా, సదివిన!”

“ఏం సదివినవే? మల్ల సదువు” అంది అవ్వ, ఒడ్డెక్కి.

మళ్లీ మొదటి అక్షరం మీద వేలు పెట్టి చదివాను. ఆరిళ్ల వాళ్లూ చుట్టూ మూగారు. మూడో పంక్తికి కూతురు కళ్లు తుడుచుకుని, “గిది ఎవల మీద రాసినవ్ వదినే?” అని అడిగింది. ఆఖరి పంక్తి దాకా అవ్వ ఆగలేదు.

“బంజెయ్! ఎవతె గీమె? పల్లెత్తు మాట అననిది గీ ఒడ్డు మీద ఎట్ల బతుకుతది? రెండు దినాలల్ల బాతులే పొడుసుకతింటయ్. నా బిడ్డ ఏడ్చింది సూడు, గది నేను. నువ్వు మొదలు రాసింది ఏది?”

“గది మేడ్చల్ పోతే పట్టా పోతదన్నవు గదవ్వా?”

అవ్వ ఆలోచనలో పడింది. తను చేసిన పని నుంచి ఏదోలా బయటపడాలని చూస్తున్న రేడియో మామ, “అచ్చుల పడ్డదంటె అది రికార్డే గద!” అని అందించాడు.

“గా నీళ్లు నాయే అని రాసినవా?” అని అడిగింది అవ్వ నన్ను.

“మూడుసార్లు రాసిన.”

“గంతే! అచ్చుల పడ్డంక కాదనేటోడెవ్వడు? తే, వేలు వెడ్త.”

బియ్యం డబ్బా కింద నుంచి మొదటి కాగితం తెచ్చాను. (పారేయమని మా ఆయన చెప్పాడు. పారేశానని నేనూ చెప్పాను.) సిరా డబ్బా లేదు, దీపం మసిలో నూనె కలిపి వేలికి పూశాం. ఆమె చేతికి చేప జిగురు ఇంకా ఉంది. కాగితం మీద ముద్ర కంటే వాసన గట్టిగా పడింది.

“తొవ్వల మల్ల మారుస్తవ్ నువ్వు” అని అవ్వ కూడా నాతో బయలుదేరింది. రెండు గంటల బస్సులో కండక్టర్‌కు టికెట్ చెప్పకముందే, “గీమె నా మీద రాసింది” అని చెప్పింది. దాంతో మేడ్చల్ దాకా నేను నిలబడి చదువుతూనే ఉన్నాను. ఆఫీసులో సారు కాగితం తీసుకుని ముందు వాసన చూసి, తర్వాత చదివాడు. రెండుసార్లు నవ్వాడు, నేను లెక్కపెట్టుకున్నాను. “పేరు సరిగ్గా చెప్పమ్మా, అచ్చు వేయాలి” అన్నాడు. చెప్పాను. ఎక్కడ తప్పు పడుతుందోనని అక్షరం అక్షరం విడదీసి ఇంకోసారి చెప్పాను.

బయటికి వస్తే అవ్వ గేటు పట్టుకుని నిలబడి ఉంది. నేను మెట్లు దిగకముందే కేక వేసింది. “ఏమన్నరు? నీళ్లు నాయేనన్నరా?”

“అన్నరవ్వా” అన్నాను. (నేను అల్లిన మొదటి కథ బహుశా అదే.)

పుస్తకం నాలుగు నెలలకు వచ్చింది. నాకిచ్చింది ఒకే ఒక్క ప్రతి. దాన్ని అవ్వ పట్టా కాగితాలతో పాటు ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసుకుంది. నా పేరు చూసుకోవాలనిపించినప్పుడల్లా ఆమెను బతిమాలాల్సి వచ్చేది. “సూసి ఇయ్యి, మడత వెట్టకు” అనేది.

ఆ తర్వాత నావి చాలా పేజీలే అచ్చయ్యాయి. ఒక్క పేజీ ఇచ్చి, ఆఫీసు మెట్ల మీద ఊరు గెలిచినట్టు నిలబడ్డ ఆ ముప్పై ఎనిమిదేళ్ల మనిషిని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కొంచెం కుళ్లు కూడా పుడుతుంది. ఆమె రాసినదాని కోసం, ఎండలో గేటు పట్టుకుని నిలబడ్డ మనిషి ఒకరు ఆమెకు ఉన్నారు.