దగ్గుబిళ్లలకు వచ్చిన కల్నల్

అక్షరాలకంటే ముందు నేను భుజాలు చదవడం నేర్చుకున్నాను. పటాలంలో చేరేనాటికి నాకు సంతకం ఒక్కటే వచ్చు. ఎవరి భుజం మీద ఎన్ని చుక్కలున్నాయో చూసి మడమలు కలపాలి, అదే నా మొదటి చదువు. అసలు చదువు నా ఇరవై మూడో ఏట, రెజిమెంటు బడిలో. రిటైరయ్యే ముందు గౌరవ కెప్టెన్‌ని చేశారు. సూపర్‌మార్కెట్ కంపెనీలో చేరినప్పుడు ఆ ‘గౌరవ’ అనే ముక్కను నేనే మింగేశాను. జూబ్లీహిల్స్, ఫిలింనగర్ షాపులకు నన్ను సెక్యూరిటీ పెద్దగా పెట్టారు. అందరూ కెప్టెన్ సార్ అనేవారు. వాళ్లకు యుద్ధం కబుర్లు చెప్పేవాణ్ణి. సర్వీసులో సగం రేషన్ గోదాముల్లోనే గడిచిందని మాత్రం చెప్పలేదు.

ఒకరోజు పొద్దున్నే ఫిలింనగర్ షాపులోకి కల్నల్ దుస్తుల్లో ఒకాయన వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. పక్క సందు బంగళాలో షూటింగు జరుగుతోంది. జూనియర్ ఆర్టిస్టని చూడగానే తెలిసింది. భుజం మీద సింహాలు తలకిందులుగా ఉన్నాయి, ఎడమవైపు ఉండాల్సిన పతకాలు కుడివైపు గుచ్చి ఉన్నాయి.

“జర జల్దీ కొట్టమ్మా,” అంటూ దగ్గుబిళ్లలు కౌంటర్ మీద పెట్టాడు. “ఇయ్యాల నాకు డైలాగుంది. ఇరవై ఏండ్లల్ల ఇదే ఫస్టు. గొంతేమో బొంగురుపోయింది.”

“ఏం డైలాగు పెద్దనాయనా?” అంది బిల్లు కొట్టే అమ్మాయి.

“హీరోకు ఆర్డరిస్త. హీరోకు!”

నేను మధ్యలో దూరాను. “ఎవడిచ్చాడయ్యా నీకీ వేషం? ఇలా తగిలించుకుని బజార్లో తిరుగుతావా? ఆ పతకాలు తీసి సరిగ్గా పెట్టు.”

“కాస్ట్యూమోళ్లు పెట్టిండ్రు సార్. ముట్టుకుంటే తిడతరు. షాట్‌కు పిలుస్తరు, పోవాలె.”

“పెట్టేదాకా కదలడానికి వీల్లేదు.”

“పోనియ్యండి సార్, పెద్దమనిషి,” అంది అమ్మాయి. కళ్లతోనే ఆమె నోరు మూయించాను.

అతను ఒక పతకం పట్టుకుని లాగాడు. పిన్నులు ఊడిరాలేదు. ఒక్కో పతకం చూపించి ఇది దేనికిస్తారని అడిగాను. తెలియదన్నాడు, అన్నిటికీ. చివరికి మడమలు కలిపి సెల్యూట్ కొట్టాడు. “తప్పయింది సార్.”

కల్నల్ భుజాలున్న మనిషి నాకు సెల్యూట్ కొడితే ఎంత బాగుందో రాయడానికి సిగ్గేస్తోంది. చెయ్యెత్తి అందుకున్నాను కూడా. అప్పుడు వదిలిపెట్టాను.

“బిళ్లలు ఇడిశిపెట్టి పోయిండు సార్,” అంది అమ్మాయి, నా మొహం చూడకుండా.

ఆ పొట్లం పట్టుకుని బంగళాకి వెళ్లాను. అతను గేటు బయట అరుగు మీద తన చొక్కాలో కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్నాడు.

“పిల్చినప్పుడు లేనని నా వేషం వేరేటోనికి ఇచ్చిండ్రు సార్.” గొంతులో కోపం కూడా లేదు.

క్షమించమని అడగడానికే వెళ్లాను. నోట వచ్చింది వేరు. “మా షాపు గేటు దగ్గర ఉద్యోగం ఇస్తాను, వస్తావా?”

“గాడ డైలాగేముంటది సార్?” అని నవ్వాడు.

ఇంతలో లోపల ఎవరో గట్టిగా ఆర్డరు వేశారు. ఇతని పెదవులు అదే మాటకి కదిలాయి, చప్పుడు లేకుండా. దగ్గుబిళ్లలు తీసుకుని బోరబండ ఆటో ఎక్కాడు.

షాపుకి తిరిగొచ్చాను.

“డైలాగు చెప్పిండా సార్?” అని అడిగింది అమ్మాయి.

“చెప్పాడు,” అన్నాను.