వానకోయిలలను కనిపెట్టుకొని కూర్చున్న రత్నమ్మ గారు

రత్నమ్మ గారు కన్నుమూశారన్న కబురు జువ్వలదిన్నె నుంచి నెల్లూరికి ఆలస్యంగా చేరింది. వానలకు దారులు తెగిపోయి, సమాధి చేసిన తరువాత గాని మాకు తెలియలేదు. కబురు అందినప్పుడు నేను తరగతిలో సుద్దముక్క పట్టుకొని నిలబడి ఉన్నాను. దుఃఖం రావలసిన చోట కోపం వచ్చింది. అది ఇంకా చల్లారలేదు. చల్లారక ముందే రాయాలని కూర్చున్నాను.

ఆమె నాకు గురువు, తరువాత సహోద్యోగిని. సంగం దగ్గర వరి పండించుకునే రైతు ఇంటి నుంచి వచ్చి నెల్లూరు బాలికల పాఠశాల హాస్టల్లో చేరిన నాకు ప్రకృతిశాస్త్రం చెప్పింది ఆమే. క్రైస్తవ ఉపదేశి కూతురు. వివాహం చేసుకోలేదు. తెల్లచీర, మోచేతుల దాకా రవిక, మెడలో తోలుపట్టీకి వేలాడే కెమెరా. స్వదేశానికి తిరిగి వెళుతూ ఒక దొరసాని ప్రధానోపాధ్యాయిని ఇచ్చి వెళ్లిన కెమెరా అది. తెలిసినవాళ్లు పెళ్లి ఫోటోలు తీసిపెట్టమని అడిగేవారు. ఆమె మనసు మాత్రం వానకోయిలల మీద ఉండేది.

మా పాఠశాల పాతమేడ వరండా కప్పు కింద ఆ పిట్టలు ఈకలను, గడ్డిని ఉమ్మితో అతికించి గూళ్లు కట్టేవి. నల్లని దేహం, కొడవలి వంటి రెక్కలు. నేల మీద వాలవు, కొమ్మ మీద కూర్చోవు. వాటి ఆహారవిహారాలన్నీ అంతరిక్షంలోనే. కంటికే చిక్కని ఆ వేగం ఆ పాత కెమెరాకు ఎలా చిక్కుతుంది? రీలు కడిగితే ఒక బూడిదరంగు గీత కనపడేది, లేదా ఖాళీ ఆకాశం. తోటి ఉపాధ్యాయినులు నవ్వేవారు. రత్నమ్మ గారూ వాళ్లతో కలిసి నవ్వి, మరుసటి ఉదయం మళ్లీ వరండాలో కూర్చునేవారు.

ఒకసారి నేను కెమెరా అడిగి తీసుకొని పిట్టల వెంట గిరగిరా తిప్పుతుంటే ఆమె నా మోచెయ్యి పట్టుకొని ఆపారు. “తిప్పబాకమ్మా. నువ్వు తిప్పే లోపల అది పొయ్యుంటాది. యాడికి వస్తాదో తెలుసుకొని, ఆడ నువ్వు ముందుగా ఉండాల.” పాఠం చెప్పినా, పిల్లల తగవు తీర్చినా ఆమె పద్ధతి అదే. జరగబోయేది ముందుగా గ్రహించి, అక్కడ నిశ్శబ్దంగా నిలబడి ఉండేవారు.

పిట్ట గూటికి వచ్చేటప్పుడు రెండు స్తంభాల మధ్య ఒక్క క్షణం వేగం తగ్గిస్తుందని ఆమె కనిపెట్టారు. అక్కడ సన్నని దారం కట్టి, దానికి సరిగ్గా కెమెరా కుదిర్చి, దారం తీసేసి, పొద్దుటి ఎండ ఆ చోట పడే వేళకోసం కాచుకునేవారు. ఏళ్ల తరబడి కాచుకున్నారు. చివరికి ఆ చిత్రం వచ్చింది. నోటి నిండా పురుగులు, వెనక్కి విరిచిన రెక్కలు, మిలమిలలాడే కన్ను. ఎర్రగుడ్డ చుట్టిన దీపం వెలుగులో, మందునీళ్ల పళ్లెంలో ఆ కన్ను తేలి వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. “ఎంత కోపంగా చూస్తా ఉండాదో చూడు. మన పని మనల్ని చూసుకోమంటా ఉండాది” అని ఆమె చిన్నపిల్లలా నవ్వారు.

ఇక మా పాఠశాల కార్యదర్శి సంగతి. ఆయన పేరు రాసి ఈ పుటను మైలపరచను. ప్రభుత్వంలోని ఒక పెద్దమనిషి పాఠశాలను చూడవస్తున్నారని తెలియగానే ఆయన వరండాకు సున్నం కొట్టించి, గూళ్లు రాల్చెయ్యమని ఆజ్ఞాపించారు. రత్నమ్మ గారు వెళ్లి గూళ్లలో పిల్లలున్నాయని, రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా ఆగమని, ఆ ఒక్క వరండాకు చివర సున్నం కొట్టించుకోవచ్చని బతిమాలారు. ఆయన చిరునవ్వుతో సరేనన్నారు. ఆ వారమే మేనత్త పోయి ఆమె కోవూరు వెళ్లవలసి వచ్చింది. ఆమె అటు పెన్న దాటారో లేదో, ఇటు వెదురుగడలు లేచాయి.

తిరిగి వచ్చేసరికి రెక్కలు రాని పిల్లలు సిమెంటు నేల మీద పడి ఉన్నాయి. తల్లిపిట్టలు నోట మేతతో స్తంభాల మధ్యకు దూసుకొచ్చి, కొత్త సున్నపు గోడ చూసి వెనుదిరిగిపోతున్నాయి. ఆమె ఏడవలేదు. మోకాళ్ల మీద కూర్చొని కెమెరా దించి, ఆ నేలను ఫోటో తీశారు. తరువాత నాతో అన్నారు: “కదిలేదాన్ని పట్టుకోవాలని ఇన్నేళ్లు తిప్పలు పడినానే. ఇది కదల్దు. ఎవురైనా తియ్యొచ్చు.”

పెద్దమనిషి వచ్చిన రోజున ప్రదర్శనలో ఆమె ఎగిరే పిట్ట చిత్రం పక్కనే నేల మీది పిల్లల చిత్రాన్నీ తగిలించారు. ఇదేమిటమ్మా అని ఆయన అడిగారు. “అది మీరు రాకముందయ్యా. ఇది మీరొస్తా ఉండారని తెలిసినాక” అన్నారు రత్నమ్మ గారు. ఆయన తలవంచుకొని ముందుకు వెళ్లిపోయారు. కార్యదర్శి ముఖం నల్లబడింది.

పాఠశాల పరువు తీశానని క్షమాపణ రాసివ్వమని ఆయన ఆమెను ఆదేశించారు. మేమంతా ఆమెను వేడుకున్నాం, రెండు ముక్కలు రాసిచ్చి ఉద్యోగం నిలబెట్టుకోమని. “ఆ ఫోటోలో అబద్ధం యాడుండాదో చూపించమనండి, రాసిస్తా” అన్నారామె. ఎవరూ చూపించలేదు. ఉద్యోగం పోయింది, ఉపాధ్యాయుల క్వార్టర్సులో ఇల్లూ పోయింది. యౌవనమంతా ధారపోసిన ఆ విద్యాలయం నుంచి ఒక ట్రంకుపెట్టె పట్టుకొని, జువ్వలదిన్నెలో బడి నడుపుతున్న తమ్ముడు శామ్యూలు గారి పంచకు చేరారు.

అక్కడా ఆమె చేతులు ముడుచుకొని కూర్చోలేదు. బెస్తవారి ఆడపిల్లలకు చదువు చెప్పారు. అలల మీద నిటారుగా దూకి చేపను కరుచుకొని లేచే తెల్లని సముద్రపు పిట్టల కోసం ఒడ్డున కాచుకున్నారు. ఉప్పుగాలికి కెమెరా తుప్పు పట్టినా వదల్లేదు. ఈసారి వానల్లో జ్వరం పట్టింది, ఊపిరితిత్తులకు నెమ్ము చేరింది. బస్సులు లేవు. శామ్యూలు గారు బిట్రగుంటలో రైలెక్కించి నెల్లూరు ఆసుపత్రికి చేర్చాలని ఎద్దులబండిలో పడుకోబెట్టుకొని బయలుదేరారు. బిట్రగుంట చేరక ముందే ఆమె ప్రాణం పోయింది. నెల్లూరులో ఆమె ఉండిన ఇంటికి ఆసుపత్రి కూతవేటు దూరం. జ్వరం చంపిందని అందరూ అంటున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను.

మొన్న పాఠశాలలో సంతాపసభ పెట్టారు. కార్యదర్శి గద్గద స్వరంతో ఆమెను పక్షిప్రేమికురాలన్నారు, త్యాగమూర్తి అన్నారు, స్వచ్ఛందంగా విరమించుకున్నారన్నారు. ఆయన వెనక గోడ మీద పూలదండతో అదే ఎగిరే పిట్ట చిత్రం. నేను లేచి, ఆమె ఎందుకు వెళ్లవలసి వచ్చిందో కూడా చెప్పమన్నాను. ఇది సమయం కాదమ్మా అన్నారు. “ఆమె బతికున్నప్పుడూ మీకు సమయం రాలేదు” అన్నాను. అప్పుడు, జన్మలో గొంతు పెంచి ఎరగని శామ్యూలు గారు ముందు వరుసలోంచి లేచి వెళ్లి, దండ తీసి బల్ల మీద పెట్టారు. చిత్రాన్ని దించి చంకన పెట్టుకొని బయటికి నడిచారు. నేనూ ఆయన వెంట నడిచాను.

గురువర్యా, మీ పాదాలకు నమస్కరిస్తున్నాను. మీరు చెప్పిన పాఠం ఇంకొకరు చెప్పగలరేమో గాని, మీరు నిలబడినట్టు నిలబడేవారిని ఈ పట్టణంలో నేను చూడలేదు. ఆ వరండాకు వానకోయిలలు మళ్లీ రాలేదు. మీరూ రారు. తరిమినవారు మాత్రం అక్కడే ఉన్నారు, ఏటేటా సున్నం కొట్టిస్తూ.