చుక్కి కాలు

గుర్వమ్మ చేతిలో ఒక గుణం ఉండేది. విరిగిన ఎముక మీద వేళ్లు పెడితే చాలు, అది ఎక్కడ విరిగిందో, ఎటు జరిగిందో కళ్లు మూసుకుని చెప్పేది. మనిషికైనా గొర్రెకైనా వెదురు బద్దలు ఆనించి, కోడిగుడ్డు సొనలో తడిపిన గుడ్డ చుట్టేది. చిట్యాల చుట్టుపక్కల ఊళ్లలో ఆమె పేరు కట్టు గుర్వమ్మ. అంత నేర్పున్న మనిషికి ఇంట్లో మాత్రం నోట్లో నాలుక లేదని పేరు. ఆ పేరు పెట్టినవాళ్లెవరూ పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో ఆమె పక్కన కూర్చుని కొరియా హోటల్లో తినలేదు.

పాలమూరు దిక్కు నుంచి ఆమెను పర్వతాలుకిచ్చి చేసినప్పుడు పుట్టింటివాళ్లు గొర్రెలు కాసే కురుమల రివాజు ప్రకారం ఒక ఆడ గొర్రెపిల్లను అరణం ఇచ్చారు. అరణం గొర్రె అత్తింటి మందలో మేస్తుంది గానీ అత్తింటిది కాదు. దానికి పుట్టిందీ, ఆ పుట్టినదానికి పుట్టిందీ కోడలిదే. ఆమె నోటి మాట లేకుండా అమ్మకూడదు, కోయకూడదు. పదేళ్లలో ఆ సంతతి రోగాలకు కొంత, కరువుకు కొంత పోయి ఒక్క చుక్కి మిగిలింది. నల్లటి ఒళ్లు, నుదుట తెల్ల చుక్క. దానికి ఆడపిల్ల పుడితే తన కూతురు సైదమ్మకు అరణం పెట్టాలని గుర్వమ్మ ఆశ. ఇది నాది అని చెప్పుకోవడానికి ఆమెకు ఈ లోకంలో ఇంకేమీ లేదు.

కిందటి వానల్లో చుక్కి బండల సందున పడి వెనక కాలు విరగ్గొట్టుకుంది. "ఇగ ఇది నడువది, కోసుకుందాం" అన్నాడు పర్వతాలు. గుర్వమ్మ వినలేదు. కట్టు కట్టి, నలభై రోజులు ఇంటి ముందే ఉంచి, తను తినే జొన్నగట్కలోంచి దానికింత పెట్టింది. కాలు అతికింది. అతికినచోట రేగుపండంత బుడిపె మాత్రం మిగిలింది. కూర్చోబెట్టి మేపిన గొర్రె కదా, మందలో అన్నిటికన్నా బలిసింది.

చలికాలం మొదట్లో పర్వతాలు చిట్యాల దగ్గర ఒక రైతు చెలకలో ఎరువు కోసం చుక్కితో సహా మందను ఆపాడు. వండిపెట్టడానికి అతని తల్లి జానమ్మ వెంట ఉంది. పది రోజుల తర్వాత సంతనాడు గుర్వమ్మ సైదమ్మను వెంటబెట్టుకుని బస్సు దిగింది. పర్వతాలు ఎదురొచ్చి, ముఖం ఎటో పెట్టి, "తెల్లారకముందు సుక్కిని తోడేలు ఎత్తుకపోయిందే" అన్నాడు.

గుర్వమ్మ సంత నడుమే కూలబడి ఏడ్చింది. జానమ్మ కొంగుతో కోడలి కళ్లు తుడిచింది. "ఏం జేస్తం బిడ్డా, మన రాత. నా కండ్లతోనే సూసిన, గుంజుకపోయింది."

"ఊకో, ఫికర్ జెయ్యకు. ఇయ్యాల అందరం హోటల్ల తిందాం" అన్నాడు పర్వతాలు. పెళ్లయిన పదేళ్లలో ఆమెకు హోటల్లో చాయ తాగించిన పాపాన పోని మనిషి! ఆ ఒక్క మాటకే అనుమానం రావలసింది. ఏడ్చేవాళ్లకు అంత తీరిక ఎక్కడిది?

రోడ్డు పక్కన తడికల కొరియా హోటల్ మిల్ట్రీ అంజన్నది. అంజన్న పటాలంలో వంటవాడిగా కొరియా దేశం వెళ్లొచ్చాడు. అక్కడి జనం బల్ల మీదే నిప్పుల కుంపటి పెట్టుకుని, పల్చటి మాంసం ముక్కలు ఎవరివి వాళ్లే కాల్చుకు తింటారని చెప్పి ఇక్కడా అదే పెట్టాడు. మన చేత వండించి మన దగ్గరే పైసలు తీసుకుంటాడా అని చిట్యాల నవ్వింది. లారీలవాళ్లు వచ్చి తిన్నారు. తర్వాత నవ్వినవాళ్లూ వచ్చి తిన్నారు. మాంసం తాజాదని నమ్మించడానికి అంజన్న వెనక కాలు మొత్తం ఎముకతో సహా బల్ల దగ్గరికే తెచ్చి, అందరి ముందే కోసేవాడు.

నువ్వుల నూనె, ఎల్లిపాయ, మిరియాలు పట్టించిన ముక్కలు ఇనుప జాలీ మీద చిటపటలాడాయి. సైదమ్మకు పండుగే. "నాయినా, గీ ముక్క నేనే కాలుస్త" అని వేలు చురుక్కుమనిపించుకుని కూడా నవ్వింది. గుర్వమ్మకు చేయి లేవలేదు. "తిను బిడ్డా, సల్లారితె బాగుండది" అంటూ జానమ్మ ఒక ముక్క ఆమె నోట్లో పెట్టింది. మెత్తగా, రుచిగా ఉంది. అది రుచిగా ఉందన్న సంగతి గుర్వమ్మ చచ్చేదాకా మరవలేకపోయింది. ఇంకో మూడు ముక్కలు తింది.

అంజన్న కత్తి మోకాలి కిందికి దిగింది. ఎముక బయటపడింది. దాని మీద రేగుపండంత బుడిపె.

తలా తోలూ తీసేస్తే గొర్రెకు పేరుండదనుకున్నాడు పర్వతాలు. కాలు సంగతి మరిచాడు. గుర్వమ్మ ఆ బుడిపె మీద వేళ్లు పెట్టి కళ్లు మూసుకుంది. తన కట్టు తనకు తెలియదా?

"అంజన్నా, దీనికి నొసట తెల్ల సుక్క ఉండెనా?"

పర్వతాలు దగ్గాడు. అంజన్నకు ఆ దగ్గు అర్థం కాలేదు. "ఉండె అక్కా. పొద్దుగాల పర్వతాలన్ననే తోలుకొచ్చి ఇచ్చిండు. గిసుంటి బలమైన జీవం ఈ నడుమ దొరకలే."

గుర్వమ్మ మొగుడి వైపు తిరిగింది. "తోడేలు ఉప్పుగారం గూడ రాసి పంపిందా?"

"వారానికో మంచి గొర్రెనిస్తనని అంజన్నకు మాటిచ్చినే. మందల అన్నీ బక్కగున్నయి. నీదొక్కటే..."

నోటి దగ్గర ముద్ద తీసి మేపింది ఇందుకన్నమాట. అమ్ముకున్నారు సరే, తోడేలని చెప్పి ఏడిపించారు. ఏడిపించి, ఓదార్చి, దాన్నే తెచ్చి నోట్లో పెట్టారు. మొగుడు చేసిన దానికంటే కళ్లు తుడిచిన ఆ కొంగే ఆమెను ఎక్కువ కోసింది.

"అత్తా, నువ్వు గూడ అరణం గొర్రెతోనే వచ్చినవ్ గద ఈ ఇంటికి" అంది.

"ఏమైందమ్మా?" అంది సైదమ్మ, నోటినిండా ముక్కతో. గుర్వమ్మ ఎముకను కడిగి, కొంగున ముడేసుకుని బస్సెక్కింది.

ఆ తర్వాత ఆమె తిట్టలేదు, మొగుణ్ణి వదిలీ పోలేదు. పుట్టింటికి వెళ్లి అన్నను అడిగి ఇంకో ఆడ గొర్రెపిల్లను తెచ్చుకుంది. ఇంటి వెనక కంప నాటి వేరే దొడ్డి కట్టి, తానే తోలుకెళ్లి మేపుకుంది. "ఒక్క ఇంట్ల రెండు మందలేందే, ఊరోళ్లు నవ్వుతున్రు" అని పర్వతాలు ఎన్నోసార్లు బతిమాలాడు. అతనికి అన్నం పెట్టింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది. గొర్రె తాడు మాత్రం చేతికివ్వలేదు.

తొమ్మిదేళ్లకు సైదమ్మ పెళ్లయింది. అప్పగింతలనాడు గుర్వమ్మ నల్లటి గొర్రెపిల్లను తెచ్చి, దాని తాడు అల్లుడికి కాకుండా కూతురి చేతిలో పెట్టింది.

"బిడ్డా, దీన్ని మందల కలపకు. నీ తలుపు ముంగటనే కట్టుకో."

"ఎందుకమ్మా?"

సారె మూట పట్టుకుని పర్వతాలు పక్కనే నిలబడి ఉన్నాడు. గుర్వమ్మ అతని వైపు చూడలేదు.

"తోడేళ్లుంటయి బిడ్డా" అంది.

పర్వతాలు మూట కింద పెట్టి ఇంటి వెనక్కి నడిచాడు.